ఆత్మక్షుధ – అన్నపు వెల

లోకమున ఆకలి యెఱుగని ప్రాణి లేదు. చీమ మొదలు ఏనుగు వఱకు సకలజీవులకును కడుపాకలి సమానమే. ఆ యాకలి తీరినంతనే పశువు నెమరువేయుచు నీడపట్టున పరుండును. మనుష్యుడు మాత్రము కడుపు నిండిన పిమ్మటను ఒక్కొక్కప్పుడు కన్ను మూయజాలడు. ఇల్లు, పొలము, బిడ్డలు, పదవి, పదిమందిలో మన్నన అన్నియు ఉండియు, ఏదియో లేదను వెలితి వానిని నడురేయి లేపి కూర్చుండబెట్టును. నన్ను పుట్టించినవాడు కలడా? కలడేని నన్నెఱుగునా? నా తప్పిదములను మన్నించువా డెవడు? మరణము తరువాత నాకు దిక్కెవరు? ఈ ప్రశ్నలకు అన్నము సమాధానము కాదు, ధనము సమాధానము కాదు, పాండిత్యము సైతము పూర్ణసమాధానము కాదు. ఈ వెలితినే ఆత్మక్షుధ యందుము.

ఇట్టి యాకలి కలదని ఒప్పుకొనుటకు ఏ మతస్థునకును అభ్యంతర ముండదు. వివాదమంతయు తరువాతి మెట్టున ఉన్నది. ఒకడు తన యాకలికి అన్నము దొరకినదని నమ్మెను. ఆ సంగతి పొరుగువానికి చెప్పవచ్చునా? చెప్పవచ్చునేని ఎట్లు చెప్పవలెను? చెప్పుట ప్రేమయా, అహంకారమా? విశ్వాసమును పంచుట తన విధి యని క్రైస్తవమతము స్పష్టముగ చెప్పుకొన్నది గావున, ఈ ప్రశ్న ఆ మతమును మిక్కిలిగ తాకుచున్నది. మన దేశమున ఈ విషయమై జరుగు చర్చలలో తఱచుగ కోపమే మాటలాడును. విచారణ మౌనము వహించును. తెలుగు క్రైస్తవుల చరిత్రమునుండియు, మన పొరుగు సీమలనుండియు కొన్ని నిదర్శనములు గైకొని, ఈ ప్రశ్నను నెమ్మదిగ పరిశీలింతము. ఈ సంచికను చదువువారిలో హిందువులు, క్రైస్తవులు, మహమ్మదీయులు, ఏ మతమును పాటింపనివారు నుందురు. ఎవరి విశ్వాసమునైనను తూచుట ఈ వ్యాసము పని కాదు. పంచువాని ధర్మ మెట్టిదో తెలిసికొనుటయే దీని ప్రయోజనము.

దైవమునకై పరితపించుట తెలుగువానికి క్రొత్త కాదు. నేటి తెలుగు రాష్ట్రముల ఎల్లలకు వెలుపల నివసించు మనకు ఈ విషయమున ఒక ప్రత్యేకమైన వారసత్వము కూడ కలదు. త్యాగరాజస్వామి (1767–1847) కావేరీతీరమున తిరువయ్యారున నివసించి, తమిళదేశము నడుమ తెలుగున పాడెను. ఆయన జీవించియుండగనే, తెలుగు మాట వినవచ్చు మఱియొక కొసను, నాటి గంజాము మండలమున పర్లాకిమిడి ప్రాంతమున, 1803లో పురుషోత్తమ చౌదరి జన్మించెను. ఒకరిది రామభక్తి, వేఱొకరిది క్రీస్తుభక్తి. ఇరువురి మార్గములు ఒక్కటియే యనిన, ఇరువురకును అన్యాయము చేసినవార మగుదుము. ఐనను, ఇరువురును తమ వేదనను చెప్పుకొనుటకు తెలుగు పలుకునే ఎన్నుకొనిరి, రాగతాళములనే ఆశ్రయించిరి. దైవమును వెదకు ఆర్తికి మన భాషలో నెలకొన్న గొప్ప రూపములలో రెండు ప్రవాసపు గడ్డపైననే పుట్టుట మనము గర్వింపదగిన సంగతి.

చౌదరి పూర్వులు వంగదేశమునుండి వచ్చి స్థిరపడిన బ్రాహ్మణులు. ఆయన తెలుగున విద్య నభ్యసించి, ఆచారపరుడై, దైవచింతనయందు మునిగియుండెను. తెలుగున అచ్చైన ఒక చిన్న క్రైస్తవగ్రంథము చేతికి చిక్కగా చదివి, ఆలోచించి, కడకు 1833లో కటకమున బాప్తిస్మము పొందెను. ఆ కాలమున బ్రాహ్మణు డిట్టి మార్గము త్రొక్కుట యనిన బంధువులను, కులమర్యాదను విడుచుకొనుటయే. ఆయనకు ముందుగ దొరకినది నష్టమే గాని లాభము కాదు. తరువాత దశాబ్దముల తరబడి ఉత్తరకోస్తాసీమలో బోధకుడై తిరుగుచు, నూఱుకు పైబడిన కీర్తనలు రచించి, 1890లో పరమపదించెను. నేటికిని 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అను సంపుటమున ఆయన పాటలు తెలుగు సంఘము లన్నిటను పాడబడుచున్నవి. ఆయన తన విశ్వాసమును పంచుటకు పాటను ముఖ్యసాధనముగ చేసికొనుట గమనింపదగినది. పాటకు బలాత్కారము చేతకాదు. విననొల్లనివాడు లేచిపోవచ్చును. విన్నవాడు నచ్చిన పాదమును మాత్రము తనతో తీసికొనిపోవచ్చును.

సంఘపు నిచ్చెనకు పైమెట్టున చౌదరి నిలిచియుండగా, క్రిందిమెట్టున నిలిచినవాడు ఎఱ్ఱగుంట్ల పేరయ్య. ఈయన ఒంగోలు ప్రాంతపు పల్లెవాడు, మాదిగ కులస్థుడు, చర్మముల వర్తకుడు. ఈయన వృత్తాంతమును ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ అను విదుషి 1899లో ప్రచురించిన గ్రంథమున వివరముగ వ్రాసినది. ఏ మిషనరీని చూడకమునుపే పేరయ్య దైవాన్వేషణమున పడి, గురువుల నాశ్రయించి, రాజయోగము సాధన చేసినవాడు. బడిలేని పల్లెలో, గుడిలోనికి పోరాని బ్రదుకులో, ఆ యాకలి ఆయనకు ఎట్లు పుట్టెను? దానికి కులము అడ్డురాదు, చదువు అడ్డురాదు అనియే చెప్పవలెను. వర్తకమునకై ఉత్తరముగ ఏలూరు ప్రాంతమునకు పోయినప్పుడు ఆయన క్రీస్తును గూర్చి వినెను. విన్నదానిని మోసికొని ఊరికి వచ్చి, భార్యకు, బంధువులకు, చుట్టుపట్ల పల్లెలవారికి చెప్పనారంభించెను. 1866లో ఆయన బాప్తిస్మము పొందెను. ఆయనను బోధకునిగ నియమించినవా రెవరును అప్పటికి లేరు. జీతము లేదు, బిరుదు లేదు. ఆకలి యెఱిగినవాడు తోడి యాకలివానితో మాటలాడెను, అంతియే.

ఈ యిరువురి చరిత్రమువలన ఒక సత్యము తేటపడుచున్నది. అన్నము రుచి చెప్పుటకు అధికారము పాండిత్యమువలన రాదు, పెద్దఱికమువలన రాదు. తా నాకలిగొని తినినందువలన వచ్చును. క్రైస్తవ ధర్మగ్రంథము కూడ ఆత్మక్షుధను గొప్ప యోగ్యతగనే యెంచినది. కీర్తనల గ్రంథములోని 42వ కీర్తన దప్పిగొన్న దుప్పి ఉపమానముతో ఆరంభమగును. ప్రవక్తయగు ఆమోసు, అన్నపానముల కఱవు కాక దైవవాక్కు కఱవు దేశమున కలుగు దినములను గూర్చి హెచ్చరించెను. కొండమీది ప్రసంగమున క్రీస్తు నీతికొఱకు ఆకలిదప్పులు గొన్నవారిని ధన్యులనెను. తృప్తులైనవారిని ధన్యులని యుండలేదు. కావున, పంచుటకు బయలుదేరువాడు తనకు కడుపు నిండినదని త్రేన్చుచు పోరాదు. తన యాకలి యింకను తీరుచున్నదే గాని తీరిపోలేదని యెఱిగి పోవలెను.

ఆహార మెవరిదను ప్రశ్న ఒంగోలున తొలిదినములలోనే వచ్చినది. అమెరికా బాప్టిస్టు మిషనుకు చెందిన జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరెను. ఆయన బోధ వినుటకు అగ్రకులములవారు కొందఱు ఇష్టపడిరి. వారి బిడ్డలు ఆయన బడికి వచ్చుచుండిరి. పేరయ్య బోధవలన మాదిగలు రాగా, వారిని చేర్చుకొనినచో తాము రామని ఆ పెద్దలు కచ్చితముగ చెప్పిరి. క్లౌ దంపతులు వేర్వేఱు గదులలో ఆలోచించుచు, ఒకరి నొకరెఱుగక, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగమును తెఱచి చదివిరట. లోకము బలహీనులని, నీచులని యెంచినవారినే దైవము ఎన్నుకొనెనను భాగ మది. క్లౌ మాదిగలను చేర్చుకొనెను, అగ్రకులములవారు తొలగిపోయిరి. ఇచ్చట పరీక్ష వచ్చినది బోధకునకు. అన్నము నమ్ముకొనదలచినవాడు ధనవంతుడగు కొనుగోలుదారుని వదలుకొనడు. పంచదలచినవాడు పంక్తిలో స్థలము లేదను మాటను సహింపడు.

అంతకంటె కఠినమైన పరీక్ష పదియేండ్లకు వచ్చినది. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమున ఘోరమైన కఱవు సంభవించెను. మదరాసు, మైసూరు, బొంబాయి, హైదరాబాదు సీమలు నాలుగును దాని వాతబడినవి. లక్షలకొలది జనులు మరణించిరి. ఒంగోలు ప్రాంతమున పల్లెలు పాడుపడెను. కఱవుపనులలో భాగముగ ప్రభుత్వము బకింగుహాం కాలువను త్రవ్వించుచుండెను. క్లౌ యౌవనమున భూమికొలత పని నేర్చినవాడు. ఆయన ఆ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, వేలకొలది జనులకు కూలి దొరకునట్లు చేసెను. తన బోధకులను ఆ పనికి మేస్త్రీలుగ నియమించెను. పగలు మట్టి మోసినవారు విశ్రాంతివేళ ఆ బోధకుల మాటలు వినుచుండిరి. వినినవారిలో పలువురు బాప్తిస్మము కోరిరి.

ఆ క్షణమున క్లౌ చేసిన పని ఈ వ్యాసమునకు ప్రాణము వంటిది. ఆయన బాప్తిస్మము నిలిపివేసెను. ఒక దినము కాదు, ఒక నెల కాదు. ఇంచుమించు పదునైదు నెలలు ఎవ్వరికిని ఇయ్యలేదు. కూలి యిచ్చు చేతియే బాప్తిస్మము కూడ ఇచ్చినచో, వచ్చువాని మనస్సులో ఏ యాకలి యున్నదో వానికే తెలియకపోవచ్చును. అన్నము తీసికొని మతము తిరస్కరించుట కృతఘ్నత యేమో యని పేదవాడు జంకవచ్చును. కడుపాకలి నోరు పెద్దది. అది మాటలాడుచుండగా ఆత్మ మాట వినబడదు. ఈ సంగతి యెఱిగి, ఆయన రెండు ఆకళ్లను వేఱుపఱచెను. ఒకదానికి వెంటనే అన్నము పెట్టెను. రెండవదానిని వేచియుండుమనెను.

కఱవు సడలిన తరువాత, 1878 జూలై 3వ తేదీన, ఒంగోలునకు ఉత్తరముగ గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లికడ ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వచ్చినవారు తమకు ధనసహాయ మక్కఱలేదనియు, బ్రదుకుదెరువు తామే చూచుకొందుమనియు చెప్పినట్లు మిషను చరిత్రలు తెల్పుచున్నవి. ఆ సంఖ్యను చూచి ఆనాడు విదేశములలో పలువురు ఆశ్చర్యపడిరి. నాకు మాత్రము ఆ సంఖ్యకంటె దానికి ముందు గడచిన పదునైదు నెలల శూన్యమే ఘనమైనదిగ తోచుచున్నది. వేలమందిని చేర్చుకొనుటకు ఉత్సాహము చాలును. చేర్చుకొనగలిగియు చేయి వెనుకకు తీసికొనుటకు ధర్మభీతి కావలెను.

ఇచ్చట విమర్శకుడు ఊరకుండడు. "కఱవు పోయినను కృతజ్ఞత పోదు గదా! ప్రాణము కాపాడినవాని మతమున చేరుట స్వేచ్ఛ యగునా? మఱియు, వారు పల్లెలకు పల్లెలుగ వచ్చిరి. ఒక్కొక్కని మనస్సు నెవ రడిగిరి?" అని ప్రశ్నించును. ఈ ప్రశ్న న్యాయమైనదే, దీనిని త్రోసివేయరాదు. మనుష్యుని మనస్సులో ఒకే కారణము ఒంటరిగ నివసింపదు. పెండ్లియందును, స్నేహమునందును, దేశసేవయందును ఆశ, భయము, ప్రేమ, కృతజ్ఞత కలిసియే యుండును. పల్లెజనులు ఏ ముఖ్యకార్యమునైనను పెద్దలతో ఆలోచించి కలిసికట్టుగ చేయువారు. మతవిషయమున మాత్రము వారు ఒంటరులై నిర్ణయింపవలెననుట వారికి పరాయి నియమము. అంతియేకాక, అంటరానివారని దూరముగ నుంచబడినవారు తమను మనుష్యులుగ చూచినవానిలో దైవమును వెదకుట యాకలిలో భాగమే కాని ప్రలోభము కాదు. గౌరవముకొఱకైన యాకలి కూడ ఆత్మక్షుధకు దగ్గఱి చుట్టమే.

ఐనను, విమర్శకుని ప్రశ్నవలన పంచువానికి ఒక నియమ మేర్పడుచున్నది. లూకా సువార్తలో పదిమంది కుష్ఠరోగుల కథ కలదు. పదుగురును స్వస్థులైరి, ఒక్కడు మాత్రమే తిరిగివచ్చి కృతజ్ఞత చెప్పెను. తక్కిన తొమ్మండుగురి స్వస్థతను క్రీస్తు వెనుకకు తీసికొనలేదు. యోహాను సువార్తలో ఐదువేలమందికి రొట్టెలు పెట్టిన మఱునాడు జనులు వెంటబడిరి. రొట్టెలకొఱకే మీరు నన్ను వెదకుచున్నారను భావమున ఆయన వారిని మందలించెను. పిమ్మట బోధ కఠినముగ తోచి అనేకులు విడిచిపోయిరి. ఆయన వారిని ఆపలేదు. మిగిలిన పన్నిద్దఱిని సైతము మీరును పోదలచితిరా యని అడిగెను. దానము షరతు లేనిదై యుండవలెను. విశ్వాసము నిర్బంధము లేనిదై యుండవలెను. పోవువానికి దారి తెఱచియుండవలెను. ఈ మూడింటిలో ఏ యొక్కటి లోపించినను, అన్నమునకు వెల కట్టినట్లే.

ఇంతకంటె గంభీరమైన ఆక్షేపణ గాంధీజీది. 1930ల దశకమున 'హరిజన్' పత్రికలో ఆయన మతమార్పిడి ప్రయత్నములను తీవ్రముగ విమర్శించెను. గులాబి తన పరిమళమును వెదజల్లునే గాని ఉపన్యాసము చేయదు, జీవితమే చాలిన బోధ యని ఆయన భావము. ఈ మాట ప్రతి బోధకుడును ఉదయమున లేచి తలచుకొనదగినది. పరిమళము లేని పువ్వు ఎంత అఱచినను తుమ్మెద రాదు. ఐనను ఉపమానమునకు ఒక హద్దు కలదు. గులాబికి నోరు లేదు, మనుష్యునకు కలదు. గులాబి ఎన్నడును ఆకలిగొనలేదు. ఆకలిగొని అన్నసత్రమును చూచినవాడు, దారిలో సొమ్మసిల్లిన బాటసారిని చూచియు, నా మొగమున తృప్తి కనబడుచున్నది గదా, అదియే చాలునని మౌనముగ సాగిపోవునా? అడిగినవానికి చెప్పకుండుట వినయము కాదు. పేతురు వ్రాసిన మొదటి పత్రిక, అడుగువారికి సమాధానము చెప్పుటకు సిద్ధముగ నుండుమని బోధించుచు, అది సాత్వికముతో చెప్పవలెనని కూడ చేర్చినది. ఆ రెండవ సగమును మఱచిన క్రైస్తవులవలననే గాంధీజీ విమర్శ అవసరమైనదని చెప్పవచ్చును.

అడుగుట, చెప్పుట అను రెంటికి నడుమ నున్న సన్నని గీత ఎంత చిక్కైనదో పండిత రమాబాయి చరిత్రమువలన తెలియును. ఆమె 1858లో నేటి కర్ణాటకమునకు చెందిన పశ్చిమకనుమల ప్రాంతమున జన్మించినది. కుటుంబముతో పుణ్యక్షేత్రములు తిరుగుచు పురాణములు చదివి జీవించినది. 1870ల కఱవు దినములలో తల్లిదండ్రులను కోల్పోయి, కడుపాకలిని స్వయముగ నెఱిగినది. 1883లో ఇంగ్లండున బాప్తిస్మము పొందినది. 1889లో బొంబాయిలో బాలవితంతువులకై శారదాసదనమును స్థాపించి, మతవిషయమున జోక్యము చేసికొననని మాట యిచ్చినది. సదనము పుణెకు మారిన పిదప, ఆమె తన గదిలో ప్రార్థన చేసికొనుచుండగా కొందఱు బాలికలు వచ్చి కూర్చుండసాగిరి. 1893లో ఈ విషయమై గొప్ప కలకలము చెలరేగి, సంస్థకు సలహాదారులుగ నున్న పెద్దలు తప్పుకొనిరి. ఆమె బాలికలను పిలువలేదు. తలుపు మూయుటకును ఒప్పుకొనలేదు.

ఎవరిది న్యాయము? బిడ్డలను నమ్మి అప్పగించిన తల్లిదండ్రుల భయమును తేలికగ చూడరాదు. అనాథయగు బాలిక తనకు అన్నము పెట్టు తల్లి దైవమును ప్రేమించుట సహజమే; ఆ ప్రేమలో స్వేచ్ఛ పాలెంతయో కొలుచుట కష్టము. ఐనను తన ప్రార్థనగది తలుపు మూసికొని, బిడ్డ ఎదుట తన హృదయమును దాచుకొని బ్రదుకవలెననుటయు న్యాయము కాదు. తలుపు తెఱచియుంచుటలో తప్పులేదు. అది లోనికి వచ్చుటకే కాక వెలుపలికి పోవుటకును తెఱచియుండవలెను. రానివారికిని అదే అన్నము, అదే చదువు, అదే ఆదరణ దొరకవలెను. ఈ విషయమున పంచువాడు తన్ను తానే న్యాయస్థానమున నిలువబెట్టుకొనవలెను గాని, ఇతరులకు బదులు చెప్పి తప్పించుకొనుట చాలదు.

శాసనము తన హద్దులలో ఈ గీతను గీయుటకు యత్నించినది. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగపు 25వ అధికరణము మతమును ఆచరించుటకే కాక ప్రచారము చేయుటకును హక్కు నిచ్చినది. బలాత్కారము, మోసము, ప్రలోభములచే మతము మార్చుటను నిషేధించుచు ఒడిషా 1967లో చట్టము చేసినది. 1977లో సర్వోన్నత న్యాయస్థానము ఆ చట్టమును నిలబెట్టుచు, ప్రచార హక్కులో ఇతరుని మతము మార్చు హక్కు చేరదని తీర్పు చెప్పెను. ఐతే, మనస్సులోని తక్కెడను చూచుటకు ఏ న్యాయాధిపతికిని కన్ను లేదు. మఱియు ప్రలోభము నేడు ఒకే దిక్కున లేదు. 1950 నాటి షెడ్యూల్డు కులముల ఉత్తరువు తరువాత సవరింపబడి సిక్కులను, బౌద్ధులను చేర్చుకొన్నదే గాని, క్రైస్తవులైన దళితులకు ఆ హోదా నీయలేదు. ఆనాడు రొట్టెకొఱకు మతము మారెనని పేదవానిని నిందించిరి. నేడు మారినచో రొట్టె పోవునను భయమున, విశ్వాస మొకటియు దస్తావేజులో వ్రాత యొకటియునై బ్రదుకువానిని నిందించుచున్నారు. రెండుమారులును నిందపడినవాడు ఆకలిగొన్నవాడే. వెల కట్టినవారిని ప్రశ్నించువారు అరుదు.

కావున, పంచుట ఎట్లుండవలెను? ఈ ప్రశ్నకు వి. యస్. అజరయ్యగారి జీవితమున ఒక జవాబు దొరకుచున్నది. ఆయన తిరునెల్వేలి సీమకు చెందిన తమిళుడు, 1874లో జన్మించెను. 1903లో ఆ సీమవారు కలిసి, విదేశధనము నాశ్రయింపక ఒక సువార్తసంఘమును స్థాపించిరి. దాని స్థాపకులలో ఆయన ముఖ్యుడు. ఆ సంఘపు పనిమీద తానే నైజాము సీమలోని దోర్నకలు వచ్చి, తెలుగు నేర్చి, తెలుగువారి నడుమ కాపురముండెను. 1912లో దోర్నకలు బిషప్పై, 1945లో మరణించు వఱకు ఆ పల్లెలనే నమ్ముకొనియుండెను. 1910లో ఎడింబరో మహాసభలో, సర్వస్వమును త్యాగము చేసి వచ్చిన మిషనరీలు సైతము భారతీయులతో సమానులుగ స్నేహము చేయుటకు వెనుదీయుచున్నారని ఆయన నిర్మొగమాటముగ చెప్పెను. ధన మిచ్చితిరి, శ్రమ యిచ్చితిరి. స్నేహము కూడ ఇండు అనియే ఆయన కోరిక.

ఆ కోరికలోనే ఈ చర్చకు కీలకమున్నది. మన విందులలో వడ్డించువా డొకడు, పంక్తిలో కూర్చుండువా డొకడు. వడ్డించువాడు నిలిచియుండును, తినువాడు తలయెత్తి చూడవలెను. విశ్వాసమును పంచువారు తఱచు వడ్డించువారి స్థానమును కోరుకొనిరి. గరిటె చేతబట్టినవానికి తానే వంటవాడనను భ్రమ త్వరగ కలుగును. క్రైస్తవ బోధ ప్రకారము వడ్డించువాడు దైవమొక్కడే. తక్కినవారందఱును ఆకు ముందఱ కూర్చుండినవారే. పేరయ్య ఆ పంక్తిలో కూర్చుండియే ప్రక్కవానితో మాటలాడెను. చౌదరి కూర్చుండియే పాడెను. కఱవుదినములలో క్లౌ తన చేతిలోని గరిటెను చూచి భయపడెను. ఆ భయమే ఆయనను రక్షించినది. ప్రక్కవాని ఆకులో ఏమి పడినదో, వానికి ఏది రుచించునో కూడ వినుటకు సిద్ధపడనివాడు పంక్తిలో కూర్చుండినవాడు కాడు.

మనమందఱమును అన్యభాషల నడుమ నివసించువారము. కన్నడిగుల, తమిళుల, ఒడియాల, మరాఠీల ఇరుగుపొరుగున మన భాషను, పండుగలను కాపాడుకొనుచున్నారము. మనకు విలువైనదానిని పొరుగువాని కెట్లు చూపవలెనో, వాని విలువైనదానిని ఎట్లు గౌరవింపవలెనో తరతరములుగ నేర్చినవారము. పొరుగింటి బిడ్డకు తెలుగు పాట నేర్పుదుము. నేర్చినందుకు వాని మాతృభాషను విడువుమని కోరము. దైవవిషయము దీనికంటె లోతైనది. అచ్చట ఎన్నిక అనివార్యము కావచ్చును, ఎడబాటును కలుగవచ్చును. ఐనను, చూపుటకును లాగుటకును గల భేదము రెండుచోట్లను ఒక్కటియే.

ఆత్మక్షుధ దైవదత్తమైనచో దానిని మనము పుట్టింపలేము, కొనలేము, అమ్మలేము. కడుపాకలితో నున్నవానికి మొదట అన్నము పెట్టుదము. పెట్టినందుకు ఏమియు అడుగకుందము. అతడు తిని, చేయి కడుగుకొని, ఊరక వెడలిపోయినచో సంతోషముగ సాగనంపుదము. తిరిగివచ్చి, నీవు దేనివలన బ్రదుకుచున్నావని యెప్పుడైనను అడిగెనేని, అప్పుడు ప్రక్కన కూర్చుండి, తెలిసినంత చెప్పుదము.